మినమాటాలో పరామర్శ సొమ్ము

2024 మే 1న జపాన్‌లోని మినమాటాలో పాదరసం విషానికి బలైనవారి సంస్మరణ సభ జరిగింది. ఆ తర్వాత పర్యావరణ మంత్రి బాధితుల సంఘాలతో కూర్చున్నారు. మాట్లాడడానికి ఒక్కో సంఘానికి మూడు నిమిషాల గడువు పెట్టారు. చనిపోయిన తన భార్య గురించి చెబుతున్న ఒక వృద్ధుడు ఆ గడువు దాటగానే అధికారులు మైకు ఆపేశారు. దేశమంతా భగ్గుమంది. సరిగ్గా వారానికి మంత్రి ఇతో షింతారో మళ్లీ అక్కడికి వెళ్లి క్షమాపణ చెప్పుకున్నారు. మూడు నిమిషాల మాటకు ఇంత ఆగ్రహం ఎందుకంటే, మినమాటా ప్రజల నోరు మూయించడం అది మొదటిసారి కాదు. తొలిసారి ఆ పని చేసింది సానుభూతి పేరుతోనే.

క్యూషూ దీవిలో షిరనుయి సముద్రపు ఒడ్డున ఉన్న ఈ ఊళ్లో చిస్సో కంపెనీ 1932 నుంచి ఎసిటాల్డిహైడ్ తయారు చేసింది. అందుకు పాదరసం వాడేది. ఆ ప్రక్రియలో పుట్టిన మిథైల్ మెర్క్యురీ వ్యర్థజలంతో పాటు అఖాతంలోకి పోయి, చేపల్లోనూ గుల్లల్లోనూ పేరుకుంది. రోజూ వాటినే తినే జాలరి కుటుంబాలకు అది నరాల జబ్బై చుట్టుకుంది. వాళ్ల ఇళ్లలోని పిల్లులు పిచ్చెత్తినట్టు గింగిరాలు తిరిగి చచ్చాయి. 1956 ఏప్రిల్‌లో ఆరేళ్లు నిండని ఒక పాపను మాట తడబడి, నడక తప్పిన స్థితిలో కంపెనీ ఆసుపత్రికి తెచ్చారు. ఆ ఆసుపత్రి అధిపతి డాక్టర్ హోసొకావా హజిమే మే 1న ఈ అంతుచిక్కని జబ్బు గురించి ఆరోగ్య కేంద్రానికి తెలియజేశారు. సంస్మరణకు ఆ తేదీనే ఎంచుకున్నారు.

మొదట అంటురోగమనుకున్నారు. రోగుల ఇళ్లలో క్రిమిసంహారక మందు చల్లారు. ఇరుగుపొరుగు ముఖం చాటేశారు. ఆ వెలివేతకు భయం ఒక్కటే కారణం కాదు. ఊరి పొయ్యి వెలిగేది ఫ్యాక్టరీ వల్లే. 1959లో జాలరులు ఫ్యాక్టరీ మీదికి వెళ్లినప్పుడు, వ్యర్థజలాన్ని ఆపించవద్దని గవర్నర్‌ను వేడుకున్నవారిలో మేయరూ ఉన్నారు, కార్మిక సంఘాలూ ఉన్నాయి.

అప్పటికే, ఆ ఏడాది జులైలో, కుమమోటో విశ్వవిద్యాలయ పరిశోధకులు సేంద్రియ పాదరసమే కారణమని తేల్చారు. హోసొకావా కూడా సొంతంగా ఫ్యాక్టరీ వ్యర్థజలాన్ని పిల్లుల తిండిలో కలిపి చూశారు. అక్టోబరులో 400వ నంబరు పిల్లికి అవే లక్షణాలు వచ్చాయి. యాజమాన్యం ఆ ఫలితాన్ని తొక్కిపెట్టింది. అంటే డిసెంబరు 30న రోగులతో ఒప్పందానికి కూర్చున్నప్పుడు కంపెనీకి నిజం తెలుసు, ఎదుట కూర్చున్నవారికి తెలియదు.

ఆ ఒప్పందంలో ఇచ్చిన డబ్బుకు పరిహారమన్న పేరు లేదు. కష్టంలో ఉన్నవారిని పలకరించడానికి వెళ్లినప్పుడు చేతిలో పెట్టే పరామర్శ సొమ్ము అన్నారు. మరణానికి 3 లక్షల యెన్‌లు, పెద్దలకు ఏడాదికి లక్ష, పిల్లలకు 30 వేలు. దాంతో పాటు ఒక షరతు: ఈ జబ్బుకు ఫ్యాక్టరీయే కారణమని మున్ముందు తేలినా కొత్తగా ఏమీ అడగకూడదు. ఎముకలు కొరికే చలిలో ఫ్యాక్టరీ గేటు ముందు బైఠాయించి అలసిపోయినవారు, రేపటి తిండికి వెతుక్కుంటున్నవారు దాని మీద సంతకాలు పెట్టారు. విషం మాత్రం 1968 మే దాకా సముద్రంలో కలుస్తూనే ఉంది. ఫ్యాక్టరీయే కారణమని ప్రభుత్వం ఒప్పుకున్నది ఉత్పత్తి ఆగిపోయాక, ఆ సెప్టెంబరులో. ఈలోగా 1965లో నీగాతాలో, మరో కంపెనీ వల్ల, ఇదే జబ్బు మళ్లీ బయటపడింది.

మనకూ ఎక్స్‌గ్రేషియా కొత్త కాదు. 2020 మే 7న విశాఖలో ఎల్‌జీ పాలిమర్స్ నుంచి స్టైరీన్ ఆవిరి లీకై 12 మంది చనిపోయినప్పుడు రాష్ట్ర ప్రభుత్వం మృతుల కుటుంబాలకు కోటి రూపాయల చొప్పున ప్రకటించింది. త్వరగా ఇవ్వడం మంచిదే. కానీ ఆ డబ్బు తప్పెవరిదన్న ప్రశ్నకు జవాబు కాదు. అందుకే మర్నాడే జాతీయ హరిత ట్రైబ్యునల్ కంపెనీని 50 కోట్లు జమ చేయమనడం నాకు అంతకన్నా ముఖ్యంగా తోస్తుంది.

మినమాటాలో అసలైన కరుణ ఎక్కడుందంటే, ఇల్లిల్లూ తిరిగిన డాక్టర్ హరాదా మసజుమిలో ఉంది. మాయ (ప్లాసెంటా) గర్భంలోని బిడ్డను విషం నుంచి కాపాడుతుందని వైద్యశాస్త్రం నమ్ముతున్న రోజులవి. పుట్టుకతోనే ఈ జబ్బుతో ఉన్న పిల్లలకు వేరే జబ్బు పేరు పెట్టేవారు. చేపలు తిన్నది తానైతే రోగం బిడ్డకు వచ్చిందని ఒక తల్లి చెప్పిన మాటను హరాదా కొట్టిపారేయలేదు. తల్లుల మాటే నిజమని 1962లో తేలింది. జపాన్ కుటుంబాలు ఎండబెట్టి దాచుకునే బొడ్డుతాళ్లు తర్వాత పరీక్షల్లో దానికి సాక్ష్యమిచ్చాయి.

1969లో రోగులు కోర్టుకెక్కారు. మరుసటి ఏడాది హోసొకావా ఆసుపత్రి మంచం మీద నుంచే పిల్లి ప్రయోగం సంగతి వాంగ్మూలంగా ఇచ్చి, కొద్ది నెలలకే కన్నుమూశారు. 1973 మార్చి 20న కుమమోటో కోర్టు, పరామర్శ సొమ్ము ఒప్పందం లోకనీతికి విరుద్ధమని కొట్టేసి, 1.6 కోట్ల నుంచి 1.8 కోట్ల యెన్‌ల దాకా పరిహారం విధించింది.

అయినా ఎవరు రోగి అన్న తగవు తెగలేదు. 1977 నిబంధనలు ఒకటికి మించిన లక్షణాలు కలిసి కనిపించాలన్నాయి. దాంతో వేలమంది తిరస్కృతులయ్యారు. నగరం తరఫున మేయర్ యోషీ మసజుమి బాధితులకు క్షమాపణ చెప్పింది 1994లో. ప్రభుత్వానిదీ బాధ్యతేనని సుప్రీంకోర్టు తేల్చింది 2004లో. గుర్తింపు దక్కని 128 మంది ఈ జబ్బు బాధితులేనని 2023 సెప్టెంబరులో ఒసాకా జిల్లా కోర్టు తీర్పిచ్చింది. ప్రభుత్వం దాని మీద అప్పీలుకు వెళ్లింది.