గెలుస్తున్న కోచ్ ఎందుకు వెళ్ళిపోయారు?

చిరంజీవులు పెద్దబాబుకు, చిన్నితల్లికి మీ తాతయ్య ఆశీస్సులు.

ఫోనులో మీరిద్దరూ వాదులాడుకున్న సంగతి ఇంకా నా మనసులో మెదులుతూనే ఉంది. లూసియానా స్టేట్ యూనివర్సిటీ తన ఫుట్‌బాల్ కోచ్ బ్రయన్ కెల్లీని 2025 అక్టోబరులో తొలగించిందని తెలిసినప్పుడు పెద్దబాబు "తగిన శాస్తి జరిగింది" అన్నాడు. చిన్నితల్లి మాత్రం, "గెలుస్తున్న నోటర్ డేమ్‌ను ఆయన అసలెందుకు వదిలేశారు తాతయ్యా?" అని అడిగింది. అది రెండు ముక్కల్లో తేలే ప్రశ్న కాదు గనుక ఉత్తరం రాస్తున్నాను. తెలుగు నెమ్మదిగా కూడబలుక్కుని చదవండి, అర్థం కాని చోట మీ అమ్మను అడగండి. ఇండియానాలో మీ ఇంట్లో మూడు శీతాకాలాలు గడిపిన నాకు, చేతులతో పట్టుకుని పరుగెత్తే ఆటకు ఫుట్‌బాల్ అన్న పేరెందుకో ఇప్పటికీ అంతుపట్టలేదు గానీ, దాని వెనుక నడిచే లెక్కలు కొంతవరకు బోధపడ్డాయి.

కెల్లీ 2010 నుంచి 2021 వరకు ఇండియానాలోని నోటర్ డేమ్ విశ్వవిద్యాలయం జట్టుకు శిక్షణ ఇచ్చారు. అక్కడివారు ఇప్పటికీ భక్తితో తలచుకునే పాతకాలపు కోచ్ నూట్ రాక్నీ 105 ఆటలు గెలిపించగా, మైదానంలో సాధించిన గెలుపులను బట్టి చూస్తే కెల్లీ 2021లో ఆ లెక్కను దాటారు. ఆ ఏడాది ఆయన జట్టు 12 ఆటల్లో 11 గెలిచింది. అలాంటి సమయంలో, నవంబరు చివర, పదేళ్ళకు కనీసం 9 కోట్ల 50 లక్షల డాలర్ల ఒప్పందం మీద ఆయన లూసియానాకు వెళ్ళిపోయారు.

డబ్బు కోసమే వెళ్ళారని పెద్దబాబు అంటాడు. డబ్బు లేదని నేననను. కానీ నోటర్ డేమ్‌లో కూడా ఆయన పస్తులేమీ లేరు. జీతం ఒక్కటే కారణమైతే, అరవై ఏళ్ళ వయసులో, పన్నెండేళ్ళు పాతుకుపోయిన ఊరి నుంచి, ముక్కూమొహం తెలియని దక్షిణాది రాష్ట్రానికి ఎవరూ అంత తేలిగ్గా కదలరు. ఆయనను కదిలించినది మూడు ఓటములని నా అభిప్రాయం. 2013 జనవరిలో జాతీయ టైటిల్ ఆటలో అలబామా చేతిలో 42–14 తేడాతో ఓడారు. 2018 సీజన్‌లో సెమీఫైనల్ దాకా వెళ్ళి క్లెమ్సన్ చేతిలో 30–3 తేడాతో, 2020 సీజన్‌లో మళ్ళీ సెమీఫైనల్‌లోనే అలబామా చేతిలో 31–14 తేడాతో ఓడారు. వాకిలి దాకా వెళ్ళి ప్రతిసారీ వెనక్కి రావలసి వచ్చినవాడికి, లోపం తనలో ఉందా, తానున్న చోటులో ఉందా అన్న ప్రశ్న తప్పక వస్తుంది. ఆయన చోటులోనే ఉందని తేల్చుకున్నట్టు కనిపిస్తుంది. నోటర్ డేమ్ చదువు విషయంలో పట్టుదల గల క్యాథలిక్ విద్యాసంస్థ. ఆటగాళ్ళు మిగతా విద్యార్థులతో కలిసి అవే హాస్టళ్ళలో ఉండాలి, మంచి కుర్రవాళ్ళ కోసం కోచ్ దేశమంతా గాలించాలి. లూసియానాలోనో, ఆ రాష్ట్రంలో పుట్టిన ప్రతి మెరికలాంటి ఆటగాడూ చిన్ననాటి నుంచి ఆ ఒక్క విశ్వవిద్యాలయం చొక్కా తొడుక్కోవాలనే కలగంటాడు. కెల్లీకి ముందు అక్కడ వరుసగా పనిచేసిన ముగ్గురు కోచ్‌లూ 2003, 2007, 2019 సీజన్లలో జాతీయ టైటిల్ గెలిచారు. ముగ్గురికి ముగ్గురూ గెలిచిన కుర్చీ ఖాళీగా కనిపిస్తే, నాలుగోవాడికి ఏమనిపిస్తుందో మీరే ఆలోచించండి.

సరే, వెళ్ళదలచినవారు సీజన్ ముగిశాక వెళ్ళవచ్చు కదా అని చిన్నితల్లి అడుగుతుంది. ఇక్కడే అసలు చిక్కుముడి ఉంది. హైస్కూలు ఆటగాళ్ళు తాము చేరబోయే కళాశాలతో ఒప్పందం మీద సంతకం చేసే రోజులు డిసెంబరులోనే మొదలవుతాయి. జాతీయ టైటిల్‌ను తేల్చే ప్లేఆఫ్ ఆటలేమో డిసెంబరు రెండో సగంలో మొదలై జనవరిలో ముగుస్తాయి. కోచ్ లేని విశ్వవిద్యాలయం జనవరి దాకా ఆగితే ఆ ఏటి కుర్రవాళ్ళందరూ చేజారిపోతారు కాబట్టి, నవంబరు దాటకముందే ఎవరినో ఒకరిని తెచ్చుకోక తప్పదు. పరీక్షకు ముందే పాఠం చెప్పే మాస్టారిని పక్క బడివాళ్ళు ఎత్తుకుపోయేలా క్యాలెండరు తయారుచేసుకున్నది కళాశాల ఆటను నడిపే పెద్దలే. కెల్లీ వార్త బయటకు రావడానికి ఒకరోజు ముందు లింకన్ రైలీ అనే మరో కోచ్ కూడా ఓక్లహోమాను వదిలి సదరన్ కాలిఫోర్నియాకు వెళ్ళారు. ఇద్దరిదీ ఒకే తొందర.

అయితే క్యాలెండరు మీద నెపం వేసి నేను ఆయనను పూర్తిగా వదిలిపెట్టను. 2009లో సిన్సినాటి జట్టును 12 ఆటల్లో ఓటమి లేకుండా నడిపించి, చివరి పెద్ద ఆట షుగర్ బౌల్‌కు ముందే ఆ పిల్లలను వదిలి ఆయన నోటర్ డేమ్‌కు వచ్చారు. కోచ్ లేని ఆ జట్టు ఫ్లోరిడా చేతిలో 51–24 తేడాతో చిత్తయింది. పన్నెండేళ్ళ తర్వాత నోటర్ డేమ్ పిల్లలకూ అదే అనుభవం ఎదురైంది. వార్త ముందుగా బయటకు పొక్కింది, ఆ తరువాతే ఆటగాళ్ళ ఫోన్లకు ఆయన సందేశం వచ్చింది. మర్నాడు ఉదయం 7 గంటలకు పెట్టిన సమావేశం కొద్ది నిమిషాల్లోనే ముగిసింది. నేను పదో తరగతిలో ఉండగా మా లెక్కల మాస్టారికి సంక్రాంతి తరువాత బదిలీ అయింది. ఆయన ఇష్టపడి వెళ్ళలేదు. అయినా, బల్ల మీద మిగిలిపోయిన ఆయన సుద్దముక్కను చూసి మేము పడిన బాధ నాకు ఇప్పటికీ గుర్తుంది. ఒక్క మంచి సంగతి చెప్పాలి: ఆటగాళ్ళు జట్టు మారితే ఏడాది పాటు ఆడకుండా కూర్చోవాలన్న పాత నిబంధనను 2021లోనే సడలించి, ఒకసారి మారే స్వేచ్ఛ ఇచ్చారు. అంతకు ముందు వెళ్ళిపోయే హక్కు గురువుది, కూర్చుండిపోయే శిక్ష శిష్యుడిది.

ఇక ఆయన లెక్క ఫలించిందా? నోటర్ డేమ్ పగ్గాలు అప్పటికి 35 ఏళ్ళ సహాయకుడు మార్కస్ ఫ్రీమన్‌కు అప్పగించారు. అవే హాస్టళ్ళు, అవే చదువు నిబంధనలు. ప్లేఆఫ్ అప్పటికి 12 జట్లకు విస్తరించిందన్న మాట నిజమే గానీ, జార్జియాను, పెన్ స్టేట్‌ను ఓడించి ఆ జట్టు 2025 జనవరిలో టైటిల్ ఆటకు చేరి, ఒహాయో స్టేట్ చేతిలో 34–23 తేడాతో ఓడింది. కెల్లీ లూసియానాలో 48 ఆటల్లో 34 గెలిచారు, ఒక్కసారి కూడా ప్లేఆఫ్‌కు చేరలేదు. 2025 అక్టోబరు 25న, తన 64వ పుట్టినరోజున, సొంత మైదానంలో టెక్సస్ ఎ అండ్ ఎం చేతిలో 49–25 తేడాతో ఓడారు. మర్నాడే ఉద్యోగం పోయింది. ఒప్పందం ప్రకారం ఆయనకు రావలసిన మిగులు సొమ్ము మాత్రం 5 కోట్ల డాలర్లకు పైనే.

ఆ కుర్చీ ఎక్కువ కాలం ఖాళీగా లేదు. నవంబరు చివరి రోజున, చిన్నితల్లీ, లేన్ కిఫిన్ అనే కోచ్ అందులో కూర్చోవడానికి ఒప్పుకున్నారు. ఆయన వదిలి వచ్చిన మిసిసిపీ జట్టు అప్పటికి 12 ఆటల్లో 11 గెలిచి ప్లేఆఫ్ కోసం ఎదురుచూస్తోంది.

ఆశీస్సులతో,
మీ తాతయ్య