పిల్లలూ, క్యారెట్ ఊదా రంగులో కూడా ఉంటుంది

చిన్నూ, బుజ్జీ,

ఊదా రంగు క్యారెట్ ఫొటో చూసి దానికి రంగు పూశారా తాతయ్యా అని అడిగారు కదా. పూయలేదురా, అది పుట్టుకతో వచ్చిన రంగే. అసలు సుమారు వెయ్యేళ్ళ కిందట ఇరాన్, ఆఫ్ఘనిస్థాన్ వైపు పండించిన క్యారెట్లు ఊదావి, పసుపువి. మనకిప్పుడు బజార్లో కనిపించే ఆరెంజ్ రకం ఆ తర్వాత ఎప్పుడో యూరప్‌లో, ముఖ్యంగా డచ్ రైతుల దగ్గర బాగా పెరిగింది. వాళ్ళ ఆరెంజ్ రాజవంశం గౌరవం కోసమే ఆ రంగు తెచ్చారని ఒక కథ తిరుగుతుంటుంది, బాగుంటుంది గానీ ఆధారం లేదు, పరీక్షలో రాసేయకండి.

మన దేశంలో ఉత్తరాది వాళ్ళు చలికాలంలో ఎర్ర క్యారెట్‌తో హల్వా చేస్తారు, నల్ల క్యారెట్‌కి (బాగా ముదురు ఊదానే నలుపంటారు) ఆవపిండి, ఉప్పు కలిపి నీళ్ళలో పులియబెట్టి కాంజీ అని తాగుతారు. మీరు కుండీలో వేయడానికి ఈ రకాలే చెబుతున్నా: ఎరుపుకి పూసా రుధిర, నలుపుకి పూసా అసిత. రెండూ ఢిల్లీ వ్యవసాయ పరిశోధనా సంస్థ రకాలే.

దసరా సెలవుల్లో వేస్తే సంక్రాంతికి తవ్వుకోవచ్చు. కనీసం అడుగు లోతున్న కుండీ తీసుకుని, మట్టిలో ఇసుక, బాగా చివికిన పశువుల ఎరువు కలపండి. పచ్చి ఎరువు వేసినా, రాళ్ళున్నా దుంప రెండు కాళ్ళేసుకుని వస్తుంది (తినడానికి బాగానే ఉంటుందిలే, నవ్వుకోవచ్చు కూడా). వంకాయలాగా నారు పోసి పీకి నాటకూడదు, గింజ నేరుగా కుండీలోనే పడాలి. పైన పల్చగా మట్టి చల్లి, తడి గోనెసంచి కప్పండి. మొలకకి పది పదిహేను రోజులు పడుతుంది, రెండో రోజే కెలికి చూడకు చిన్నూ, నీ సంగతి నాకు తెలుసు! మొలకలు కనపడగానే గోనె తీసేసి, కాస్త పెరిగాక మొక్కకీ మొక్కకీ మూడు వేళ్ళ ఎడం ఉండేలా మిగతావి పీకేయాలి. ఏడుపొస్తుంది, అయినా పీకాలి. దుంప తల బయటికొస్తే ఎండ తగిలి పచ్చబడుతుంది, కాస్త మట్టి ఎగదోయండి.

నల్లదాన్ని ఉడికిస్తే నీళ్ళన్నీ ఊదా అయిపోతాయి. పారబోయకుండా రెండు గ్లాసుల్లో పోసి ఒకదాంట్లో నిమ్మరసం, రెండోదాంట్లో చిటికెడు వంటసోడా వేసి చూడండి. ఏ రంగులు వస్తాయో నేను చెప్పను. ఆరెంజ్ క్యారెట్ అలా నీళ్ళలో దిగదు, దాని రంగు నూనెలో కరిగే రకం, అందుకే అమ్మమ్మ వేపుడు చేస్తే నూనె కూడా రంగు తేలుతుంది.

అన్నీ తినేయకుండా రెండు మూడు దుంపలు నేలలోనే వదిలేస్తే, చలి సరిపోతే, గొడుగుల్లాంటి తెల్ల పూలు పూసి గింజ కడతాయి. యూరప్ రకాలకి గట్టి చలి కావాలి కాబట్టి మన ఎండలకి పూత కష్టం. ఎరుపు, నలుపు రెండూ ఒకేసారి పూస్తే మాత్రం తేనెటీగలు కలిపేస్తాయి, అప్పుడు వచ్చే ఏడు ఏ రంగు వస్తుందో ఎవరూ చెప్పలేరు. నాకైతే అదే సరదా, కానీ అసలు రకం నిలవాలంటే గింజకి ఒక్క రంగే ఉంచాలి.

ప్యాకెట్ కొనేటప్పుడు తేదీ చూడమని నాన్నకి చెప్పండి, పాతబడ్డ గింజ సరిగ్గా మొలవదు.

మీ తాతయ్య