తూటాకు నీళ్ళు పెట్టే పరీక్ష

ఒక పాఠకుడు ఈమధ్య ఒక వీడియో చూశాడట. నీళ్ళు నింపిన ప్లాస్టిక్ క్యాన్లను ఒకదాని వెనక ఒకటి పేర్చి పిస్తోలుతో కాల్చారు. మొదటి క్యాన్ పగిలి నీళ్ళు మనిషెత్తు లేచాయి. రెండోది చిరిగింది, మూడోదానికి చిల్లు పడింది, నాలుగోదాని అడుగున తూటా దొరికింది, పువ్వులా విచ్చుకుని. "దీన్నిబట్టి అది ఒంట్లో ఎంత లోతుకు దిగుతుందో చెప్పొచ్చా? ఆ నీళ్ళు ఎగిరిన తీరు చూస్తే భయమేసింది, దెబ్బ అంత బలంగా ఉంటుందా?" అని అడిగాడు.

తూటా విచ్చుకోవడం గురించి నీళ్ళు చెప్పేది చాలావరకు నమ్మొచ్చు. లోతు గురించి చెప్పేదాన్ని తగ్గించి తీసుకోవాలి. నీళ్ళు ఎంత ఎత్తు లేచాయన్నది మాత్రం లెక్కలోకే రాదు. ఈ తేడా ఎక్కడినుంచి వస్తుందో చూడటం నాకు చాలా ఇష్టమైన పని.

బకెట్ నీళ్ళలో అరచేతిని మెల్లగా దించండి, నీళ్ళు దారి ఇస్తాయి. అదే అరచేతిని బల్లపరుపుగా పెట్టి గట్టిగా చరిస్తే చెయ్యి మండుతుంది. నీళ్ళు అవే. పక్కకు తప్పుకునే తీరిక వాటికి దొరకలేదు, అంతే. ఎదురొచ్చే ద్రవం ఎంత పీడనంతో అడ్డుకుంటుందో తెలియాలంటే దాని సాంద్రతలో సగాన్ని వేగం వర్గంతో గుణించాలి. బడిలో ఈ సూత్రాన్ని బెర్నౌలీ పాఠంలో చెప్పి, విమానం రెక్క బొమ్మ గీసి, పరీక్షకు వదిలేస్తారు. బకెట్‌ను చరిచి చూడమని చెప్పే మాస్టారు ఒక్కరున్నా ఆ సూత్రం జన్మలో మరిచిపోం.

ఇప్పుడు అరచేతి బదులు 9 మిల్లీమీటర్ల పిస్తోలు తూటా పెడదాం. వేగం సెకనుకు 350 మీటర్లు. లెక్క కడితే దాని ముక్కు మీద పడే పీడనం 61 మెగాపాస్కల్‌లు వస్తుంది. అంటే వాతావరణ పీడనానికి 600 రెట్లు, సముద్రంలో 6 కిలోమీటర్ల లోతున ఉండేంత. మెత్తటి సీసాన్ని మెల్లగా లాగితే 15 మెగాపాస్కల్‌ల చుట్టుపక్కలే సాగి తెగిపోతుంది. హాలో పాయింట్ తూటా ముక్కులో ఒక గుంట ఉంటుంది. నీళ్ళు ఆ గుంటలో దూరి లోపలి నుంచి ఆ పీడనమంతా గోడల మీద వేస్తాయి. బయటివైపు మాత్రం నీళ్ళు తూటా నుంచి విడిపోయి పక్కలకు చిమ్ముతూ ఉంటాయి కనక అటు ఆపే ఒత్తిడి ఉండదు. గోడలు బయటికి మడుచుకోక తప్పదు. రాగి తొడుగు మీద ముందే సన్నని గాట్లు పెడతారు, చిరిగేది ఆ గాట్ల వెంబడే. దొరికిన తూటాను చేతిలోకి తీసుకుని చూస్తే రాగి రేకలు వెనక్కి వంకర తిరిగి ఉంటాయి, మధ్యలో బూడిదరంగు సీసం గొడుగులా పరుచుకుని ఉంటుంది. ఇదంతా తొలి కొన్ని సెంటీమీటర్లలోనే ముగిసిపోతుంది.

వేగం వర్గంలో ఉందని మరవొద్దు. అదే తూటా 240 మీటర్ల వేగంతో వస్తే పీడనం 29 మెగాపాస్కల్‌లకు, అంటే సగానికన్నా కిందికి పడిపోతుంది. పొట్టి గొట్టం తుపాకుల్లో చాలా తూటాలు విచ్చుకోకుండానే పోవడానికి కారణం ఇదే. కండరం సాంద్రత నీటికన్నా కాస్తే ఎక్కువ కాబట్టి, ఈ విషయంలో నీళ్ళ సాక్ష్యం పనికొస్తుంది.

ఇక లోతు. తూటాను ఒక బాటసారి అనుకోండి. దారిలో సమాన దూరాల్లో గుమ్మాలున్నాయి. ప్రతి గుమ్మం దగ్గరా చేతిలో ఉన్నదాంట్లో సగం ఇచ్చేసి ముందుకు పోవాలి. నీటి అడ్డు వేగం వర్గాన్నిబట్టి ఉంటుంది కనక తూటా వేగం సరిగ్గా ఇలాగే తరుగుతుంది: సమాన దూరానికి సమాన వంతు. 8 గ్రాముల తూటా 15 మిల్లీమీటర్ల వెడల్పుకు విచ్చుకుంటే గుమ్మానికీ గుమ్మానికీ దూరం సుమారు 8 సెంటీమీటర్లు వస్తుంది. 350 కాస్తా 175, తర్వాత 87, 44, 22. నాలుగు గుమ్మాలు, 32 సెంటీమీటర్లు.

ఈ బాటసారి రెట్టింపు డబ్బుతో బయలుదేరాడనుకుందాం. ఎంత ఎక్కువ దూరం పోతాడు? ఒక్క గుమ్మం. 8 సెంటీమీటర్లు, అంతే. పైగా వేగం పెరిగితే తూటా ఇంకా వెడల్పుగా విచ్చుకుని గుమ్మాలు దగ్గరవుతాయి. అందుకే వేగంగా వెళ్ళిన తూటా కొన్నిసార్లు తక్కువ లోతులోనే ఆగిపోతుంది. మొదటిసారి ఈ లెక్క కట్టినప్పుడు నమ్మలేక మళ్ళీ మళ్ళీ సరిచూసుకున్నాను.

కండరంలో, పరీక్షల్లో దాని బదులు వాడే జెలటిన్‌లో (గట్టిపడ్డ జెల్లీ దిమ్మలో) ఈ సగం వాటాతో పాటు ఒక స్థిరమైన సుంకం కూడా ఉంది. ఆ పదార్థానికి సొంత గట్టిదనం ఉంటుంది, దాన్ని చీల్చడానికి వేగంతో పనిలేకుండా ఇంత అని చెల్లించాలి. జేబు నిండుగా ఉన్నప్పుడు ఈ సుంకం తెలియదు. 22 మీటర్ల వేగానికి దిగాక మాత్రం ఉన్నదంతా ఊడ్చేస్తుంది, తూటా అక్కడే ఆగిపోతుంది. నీళ్ళలో ఆ సుంకం లేదు. అందుకే జెలటిన్‌లో పోయే దూరానికి ఒకటిన్నర నుంచి రెండు రెట్లు నీళ్ళలో పోతుంది.

ఆ సుంకం ప్రతి దిమ్మలోనూ ఒకేలా ఉండాలనే జెలటిన్‌ను అంత జాగ్రత్తగా తయారుచేస్తారు. అమెరికా సైన్యంలో సర్జన్‌గా పనిచేసిన మార్టిన్ ఫాక్లర్ 10 శాతం జెలటిన్‌ను 4 డిగ్రీల సెల్సియస్ దగ్గర వాడే పద్ధతిని స్థిరపరిచాడు. అసలు పరీక్షకు ముందు 4.5 మిల్లీమీటర్ల ఉక్కు గుండును సెకనుకు 180 మీటర్ల వేగంతో దిమ్మలోకి కొడతారు. అది 8.5 సెంటీమీటర్ల దగ్గర, ఒక సెంటీమీటరు అటూ ఇటూగా, ఆగాలి. లేదంటే ఆ దిమ్మ పనికిరాదు. ఎండలో కాసేపు వదిలేసిన జెలటిన్ మెత్తబడి అబద్ధం చెబుతుంది. తడిపిన పాత పేపర్ల కట్ట ఎంత తడిసిందన్నదాన్నిబట్టి రోజుకో మాట చెబుతుంది. బంకమట్టి సాగిన చోటే ఉండిపోతుంది, కండరమైతే సాగి వెనక్కి వస్తుంది. కాబట్టి మట్టిలో కనిపించే పెద్ద గుంతను గాయం అనుకోకూడదు.

మొదటి క్యాన్ పగలడం కూడా ఇలాంటిదే. నీళ్ళు నొక్కుకుపోవు, ప్లాస్టిక్ పెద్దగా సాగదు, మిగిలిన దారి పగలడమే. తూటా దెబ్బకు మనిషి వెనక్కి ఎగిరి పడతాడన్న మూఢనమ్మకానికి ఇలాంటి దృశ్యాలే బలం పోస్తున్నాయి. 8 గ్రాములను 350తో గుణించి 70 కిలోలతో భాగించండి. ఒళ్ళు కదిలే వేగం సెకనుకు 4 సెంటీమీటర్లు. కాల్చినవాడి చేతికి తగిలే ఎదురుదెబ్బా దాదాపు అంతే. చదువుకున్నవాళ్ళు కూడా దీన్ని నమ్మడం చూస్తే నాకు బాధేస్తుంది, న్యూటన్ మూడో నియమం అందరం చదివాం కదా.

ముఖ్యమైనది లోతే అని పోలీసు శాఖలకు చేదుగా తెలిసింది 1986 ఏప్రిల్ 11న, మయామీలో. ఎఫ్‌బీఐ వాళ్ళు కాల్చిన ఒక 9 ఎంఎం తూటా దుండగుడి చేతిలోంచి దూసుకెళ్ళి, ఛాతీలోకి దిగి, గుండెకు కాస్త ఇవతల ఆగిపోయింది. వాడు ఆ తర్వాత కూడా కాలుస్తూనే ఉన్నాడు. ఆ రోజు ఇద్దరు ఏజెంట్లు చనిపోయారు. జెలటిన్‌లో 12 నుంచి 18 అంగుళాలు, అంటే 30 నుంచి 46 సెంటీమీటర్లు దిగాలన్న ఎఫ్‌బీఐ ప్రమాణం ఆ ఘటన తర్వాతే వచ్చింది. కనీస హద్దు ఎందుకో తెలుస్తూనే ఉంది. గరిష్ఠ హద్దు ఎందుకంటే, అవతలికి దూసుకెళ్ళే తూటాకు వెనక నిలబడ్డవాళ్ళు బలవుతారు.

సరదా పరీక్షల్లో అందరూ వదిలేసేది గుడ్డ. మందపాటి జీన్స్ గుడ్డ గుండా పోయేటప్పుడు తూటా ఒక బిళ్ళను కత్తిరించుకుని ముక్కు గుంటలో కూరుకుంటుంది. ఇక నీళ్ళు లోపలికి రాలేవు, గోడలను తోసేదేమీ లేదు, హాలో పాయింట్ కాస్తా మామూలు గుండ్రటి తూటా అయిపోతుంది. వెడల్పు 15 నుంచి 9 మిల్లీమీటర్లకు తగ్గడం వల్లే గుమ్మాల మధ్య దూరం దాదాపు మూడు రెట్లవుతుంది. గుండ్రటి ముక్కు నీళ్ళను తేలిగ్గా తప్పిస్తుంది కనక ఆ దూరం ఇంకా పెరుగుతుంది. అదే తూటా, అదే తుపాకీ, మధ్యలో ఒక గుడ్డ బిళ్ళ. గుంటలో ముందే మెత్తటి పాలిమర్ ముక్క నింపి కొందరు తయారీదార్లు ఈ చిక్కును తప్పిస్తున్నారు.

ఇక పాఠకుడికి జవాబు. ఆ క్యాన్ల వెడల్పు 15 సెంటీమీటర్లు అనుకుంటే, నాలుగోదాంట్లో ఆగిన తూటా 45కీ 60కీ మధ్య నీటిని దాటింది. జెలటిన్‌లో అది 22 నుంచి 40 సెంటీమీటర్ల మధ్య తేలుతుంది. ఇది ఒక్క తూటా మాట. ఇంకో నాలుగు కాల్చి, ఒక్కోదాని వేగం క్రోనోగ్రాఫ్‌తో కొలిచి, విచ్చుకున్న వెడల్పును రెండు వైపులా కాలిపర్‌తో తీసి సగటు వేస్తే అప్పుడు మాట్లాడుకోవచ్చు. ఆ వీడియో మళ్ళీ చూడండి, మొదటి క్యాన్ ముందు నాలుగు పొరల జీన్స్ గుడ్డ కట్టారా లేదా?