పరిమళాల కొవ్వొత్తికి కొడి తీయడం

నెల్లూరులో చేపల పులుసు పెట్టిన ఇల్లు ఆ సంగతిని దాచుకోలేదు. చింతపండు, మామిడికాయ, మెంతిపొడి కలిసిన ఆ ఘుమఘుమ తినేటప్పుడు ఎంత ఇష్టమో, మర్నాడు పొద్దున హాల్లో కర్టెన్లను పట్టుకుని మిగిలితే అంత ఇబ్బంది. మా ఇంటికి కానుకగా వచ్చిన మల్లెల వాసన కొవ్వొత్తిని మేము మొదట వెలిగించింది అలాంటి ఒక ఆదివారం సాయంత్రమే. వారం తిరగకుండానే దాని నడుమ బావిలా గుంటపడింది, వత్తి ఆ గుంటలో మునిగింది, గాజు గ్లాసు అంచు ఒకవైపు నల్లబడింది, చుట్టూ ముప్పాతిక వంతు మైనం మాత్రం కరగకుండా అలాగే నిలిచిపోయింది. తప్పు కొవ్వొత్తిది కాదు. కొంత నాది, కొంత మా హాల్లో పగలూ రాత్రీ తిరిగే సీలింగ్ ఫ్యానుది.

కొవ్వొత్తిలో నిజానికి మండేది గట్టి మైనమూ కాదు, కరిగిన మైనమూ కాదు. ప్రమిదలో నూనె వత్తికి ఎక్కినట్టే, మంట వేడికి కరిగిన మైనం నూలు పోగుల సందుల గుండా పైకి పాకి, అక్కడ ఆవిరై, ఆ ఆవిరి గాలిలోని ఆక్సిజన్‌తో కలిసి మండుతుంది. 1860 డిసెంబరు చివర లండన్‌లోని రాయల్ ఇన్‌స్టిట్యూషన్‌లో మైకేల్ ఫారడే పిల్లల కోసం ఆరు ఉపన్యాసాలు మొదలుపెట్టి, ఆరింటినీ కొవ్వొత్తి చుట్టూనే నడిపించాడు. మంట నడుమ నల్లగా కనిపించే భాగంలోకి వంపు తిరిగిన గాజు గొట్టం పెట్టి, అక్కడి ఆవిరిని బయటికి రప్పించి, అది మండుతుందని చూపించాడు. గాజు గొట్టం లేని ఇంట్లో కూడా ఇది చూడవచ్చు. కొవ్వొత్తిని ఆర్పిన మరుక్షణం వత్తి నుంచి తెల్లని పొగ తీగలా లేస్తుంది. వెలిగే అగ్గిపుల్లను వత్తికి కాస్త ఎడంగా, ఆ తీగకు తగిలించండి. మంట పొగ వెంబడి కిందికి పరుగెత్తి వత్తిని అంటుకుంటుంది. ఆ తెల్లని పొగ చల్లబడుతున్న మైనపు ఆవిరి తప్ప మరొకటి కాదు.

ఇక సువాసన సంగతి. గ్లాసుల్లో పోసే కొవ్వొత్తుల మైనంలో సాధారణంగా నూటికి 6 నుంచి 10 పాళ్ళ వరకు పరిమళ తైలం కలుపుతారు. ఆ వాసన మంటలోంచి వస్తుందని చాలామంది అనుకుంటారు గానీ, మంటలోకి చేరిన తైలం మైనంతో పాటు కాలిపోతుంది. గదిని నింపే వాసనలో ఎక్కువ భాగం వత్తి చుట్టూ కరిగి నిలిచిన మైనపు మడుగు మీదినుంచి మెల్లగా ఆవిరయ్యేదే. కాబట్టి మనం కోరుకోవలసింది పెద్ద మంటను కాదు, వెడల్పాటి మడుగును. కొవ్వొత్తి గురించి ఇచ్చే సలహాల్లో సగానికి పైగా ఈ ఒక్క విషయంలోంచే పుడతాయి.

మొదటిసారి వెలిగించినప్పుడు మడుగు గ్లాసు అంచులను తాకేదాకా ఆర్పకూడదని చెప్పేది అందుకే. అడ్డుకొలత ఒక అంగుళానికి ఒక గంట చొప్పున లెక్క వేసుకుంటే, మూడంగుళాల గ్లాసుకు సుమారు మూడు గంటలు పడుతుంది. మైనానికి జ్ఞాపకశక్తి ఉందని, మొదటిసారి కరిగినంత మేరే తర్వాత కూడా కరుగుతుందని అమ్మేవాళ్ళు అంటుంటారు. జ్ఞాపకశక్తి ఏమీ లేదు, ఉన్నది గుంట మాత్రమే. కరగని మైనం చుట్టూ గోడలా నిలిస్తే మంట రోజురోజుకూ లోతుకు దిగుతుంది, లోపల గాలి ఆడక చిన్నబోతుంది, చిన్నబోయిన మంట గోడను కరిగించలేదు. ఇప్పటికే గుంటపడిన కొవ్వొత్తి ఉంటే, నడుమ వెడల్పాటి రంధ్రం వదిలి గ్లాసు మూతికి అల్యూమినియం ఫాయిల్ చుట్టి, దగ్గరే కూర్చుని గంటసేపు వెలిగించండి. బయటికి పోయే వేడిని ఆ రేకు లోపలికే తిప్పి పంపడంతో గోడలు కరుగుతాయి. మాది అలాగే దారికి వచ్చింది.

ప్రమిదలో దీపం పెట్టే ఇళ్ళలో వత్తి కొసన కట్టే నల్లటి బొగ్గు ముద్దను కొడి అంటారు. దీపం కొడిగట్టిందంటే మసకబారి కొండెక్కబోతోందని అర్థం. మా అమ్మమ్మ పుల్లతో కొడి రాల్చి, వత్తిని కాస్త ఎగదోసి, నూనె పోసేది. ఆ మూడు పనుల్లో కొవ్వొత్తికి పనికివచ్చేది మొదటిది ఒక్కటే. రెండోదానికి పూర్తిగా తలకిందులుగా, ఇక్కడ వత్తిని పొడుగు చేయకూడదు, కత్తిరించాలి. కొవ్వొత్తి అన్న మాటలోనే కొవ్వుతో చేసిన వత్తుల కాలం దాగి ఉంది. ఆ కాలంలో ఐరోపా ఇళ్ళలో కాలిన వత్తి కొసను మాటిమాటికీ కత్తిరించడానికి ప్రత్యేకమైన కత్తెరలే ఉండేవి. 1825 ప్రాంతంలో ఫ్రాన్సుకు చెందిన కాంబసెరెస్ జడలా అల్లిన వత్తిని తెచ్చాక ఆ శ్రమ తగ్గింది. అల్లిక వల్ల వత్తి కాలుతూ పక్కకు వంగుతుంది, దాని కొస వేడీ గాలీ రెండూ దొరికే మంట అంచుకు చేరి తనంత తానే బూడిదవుతుంది. అయితే పరిమళ తైలాలు, రంగులు మైనమంత శుభ్రంగా కాలవు. వాటి మిగులు వత్తి కొసన పుట్టగొడుగులా పేరుకుంటుంది, కనుక ఆ పాత పని మళ్ళీ మన చేతికే వచ్చింది.

కొడి తీయకపోతే ఏమవుతుందో కాటుక పట్టడం తెలిసిన తెలుగువాళ్ళకు వేరే చెప్పనక్కరలేదు. మంటలోని పసుపు వెలుగు కాలి మెరిసే సన్నని కర్బన రేణువులది. మామూలుగా అవి మంట అంచుకు చేరేలోపే కాలిపోతాయి. ఆముదపు దీపం మీద చల్లని ఇత్తడి పళ్ళెం బోర్లిస్తే మాత్రం కాలకముందే చల్లారి పళ్ళేనికి అంటుకుంటాయి. వత్తి పొడుగైతే ఆవిరి ఎక్కువ పుట్టి, దానికి సరిపడా గాలి అందక మంట సాగుతుంది, ఆ సాగిన మంట చల్లని గాజును తాకి అదే కాటుక పనిని మనం కోరకుండానే చేస్తుంది. ఫ్యాను గాలికి ఒకవైపు వాలిన మంటదీ ఇదే కథ. అందుకే వెలిగించే ముందు, కొవ్వొత్తి పూర్తిగా చల్లారి ఉన్నప్పుడే, వత్తిని 6 మిల్లీమీటర్లకు కత్తిరించాలి. కత్తెర గ్లాసులో తిరగకపోతే గోళ్ళు తీసే కట్టర్ హాయిగా పనిచేస్తుంది. రాలిన ముక్కలను ఏరి పారేయండి, లేకుంటే మడుగులో అవి కూడా వత్తుల్లా అంటుకోవచ్చు.

ఫ్యాను లేకుండా నెల్లూరులో ఎలా కూర్చుంటామని మీరు అడగవచ్చు. ఫ్యానుకు దూరంగా, చీమకుర్తి గ్రానైట్ పరిచిన వంటగది గట్టు మీద, స్టవ్వుకూ కర్టెన్లకూ ఎడంగా పెట్టుకుంటే సరిపోతుంది. రాయి అంటుకోదు, ప్లాస్టిక్ గుడ్డ పరిచిన టీపాయ్ అంటుకుంటుంది. నాలుగు గంటలు దాటితే ఆర్పండి, ఎందుకంటే మడుగు లోతై వత్తి కుదురు తప్పుతుంది, గాజు కూడా వేడెక్కుతుంది. పైగా అరగంట గడిచేసరికి మన ముక్కు ఆ వాసనకు అలవాటుపడి దాన్ని పట్టించుకోదు, వాసన తగ్గిందని ఇంకో కొవ్వొత్తి వెలిగించేవాళ్ళు దండగ చేసుకున్నట్టే. ఆర్పేటప్పుడు నోటితో ఊదడం కంటే మూత పెట్టడం మేలు. నీళ్ళు మాత్రం ఎప్పుడూ పోయకూడదు. కాగిన మైనంలో పడిన నీరు ఒక్కసారిగా ఆవిరై మైనాన్ని నిప్పుతో సహా చిమ్ముతుంది.

రోహిణి కార్తెలో మరో చిక్కు ఉంది. గ్లాసుల్లో పోసే మెత్తని మైనాలు దాదాపు 45 నుంచి 55 డిగ్రీల సెల్సియస్ మధ్య కరుగుతాయి, ఎండలో ఆపిన కారు లోపలి వేడి ఆ హద్దును తేలిగ్గా దాటుతుంది. కరగకపోయినా మెత్తబడిన మైనం పైన తైలం చెమట బొట్లలా తేలుతుంది. అలాగని ఫ్రిజ్‌లో పెడితే మైనం కుంచించుకుపోయి గాజును వదిలేస్తుంది, ఒక్కోసారి పగుళ్ళు కూడా వస్తాయి. మూత పెట్టి బీరువా అడుగు అరలో ఉంచడమే నయం.

అడుగున ఒక సెంటీమీటరు మైనం మిగలగానే వెలిగించడం మానేయాలి, అంతకు మించి కాలిస్తే వేడంతా గాజు అడుగుకే తగిలి గ్లాసు పగలవచ్చు. గ్లాసును వేడినీళ్ళ గిన్నెలో నిలబెడితే ఆ మైనం వదులవుతుంది. దాన్ని కాగితంలో చుట్టి చెత్తబుట్టలో వేయండి, సింకులో పోస్తే గొట్టంలో గడ్డకడుతుంది. ఖాళీ గ్లాసు ఎంత కడిగినా మల్లెల వాసన పూర్తిగా పోదు, అందుకే మా ఇంట్లో అది ఆవకాయకు కాకుండా పెన్నులు పెట్టుకోవడానికి వెళ్ళింది.