నడి ఎండలో గాలి కన్నా చల్లగా

ఎండలో పెట్టిన పలక చుట్టూ ఉన్న గాలి కన్నా చల్లబడుతుందట, కరెంటు కూడా అక్కర్లేదట, ఇది నిజమేనా అని ఒక పాఠకుడు అడిగారు. నిజమే. 2014లో స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయంలో ఆశ్వత్ రామన్, షాన్‌హుయి ఫాన్ బృందం చేసి చూపించింది. మేడ మీద ఎండలో పెట్టిన వాళ్ల పలక గాలి కన్నా 4.9 డిగ్రీల సెల్సియస్ చల్లగా నిలిచింది.

వేడి మూడు దారుల్లో ప్రయాణిస్తుందని బడిలో చెబుతారు. మూడోదైన వికిరణం దగ్గరికి వచ్చేసరికి, సూర్యుడి వేడి మనకు అలాగే అందుతుందని చెప్పి పాఠం ముగించేస్తారు. గోడ, రాయి, మనిషి, అన్నీ రాత్రింబగళ్లు పరారుణ కిరణాలు వెదజల్లుతూనే ఉంటాయన్న సంగతి చాలామందికి తెలియకుండానే చదువు అయిపోతుంది.

ఇదంతా ఒక జమాఖర్చుల లెక్క: ఆ కిరణాలుగా పోయే వేడి ఖర్చు, బయటి నుంచి అందే వేడి జమ. 30 డిగ్రీల దగ్గర ఉన్న ఉపరితలం చదరపు మీటరుకు గరిష్ఠంగా 480 వాట్ల దాకా ఖర్చు పెడుతుంది. అందులో ఎక్కువ భాగాన్ని గాలిలోని నీటి ఆవిరి, కార్బన్ డయాక్సైడ్ తిరిగి జమ చేస్తాయి. ఆకాశం నిర్మలంగా ఉంటే సుమారు 100 వాట్లు మాత్రం తిరిగి రావు. ఎందుకంటే 8 నుంచి 13 మైక్రాన్ల (మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు) తరంగదైర్ఘ్యం దగ్గర గాలి దాదాపు పారదర్శకం. ఆ కిరణాలు నేరుగా అంతరిక్షానికి పోతాయి. అక్కడి ఉష్ణోగ్రత సున్నాకు 270 డిగ్రీలు దిగువన. వెన్నెల చలి పుట్టిస్తుందని పూర్వం నమ్మేవారు. పాపం, చంద్రుడికి ఇందులో ఏ ప్రమేయమూ లేదు. వెన్నెల బాగా కాసిందంటే మబ్బు లేదని అర్థం, మబ్బు లేకపోతే ఈ ఖర్చుకు అడ్డు లేదు.

పగలు మాత్రం సూర్యుడు 1000 వాట్ల దాకా జమ చేస్తాడు. మామూలు తెల్ల రంగు అందులో 85 శాతం వెనక్కి కొట్టినా 150 వాట్లు ఖాతాలో పడిపోతాయి. ఖర్చు వందే, కాబట్టి వేడెక్కక తప్పదు. రామన్ బృందం వెండి పూత మీద హాఫ్నియం ఆక్సైడ్, సిలికా పొరలు మొత్తం ఏడు వేసింది. అన్నీ కలిపినా మందం రెండు మైక్రాన్ల లోపే. అది ఎండలో 97 శాతాన్ని తిప్పికొడుతుంది. అసలు తెలివి ఇంకోచోట ఉంది. ఏ వస్తువైనా ఏ తరంగదైర్ఘ్యంలో బాగా వెదజల్లితే ఆ తరంగదైర్ఘ్యంలోనే బాగా పీల్చుకుంటుందన్నది కిర్కాఫ్ నియమం. అందుకే ఈ పలక 8 నుంచి 13 మైక్రాన్ల మధ్యే ఎక్కువగా ఖర్చు పెడుతుంది. మిగతా తరంగదైర్ఘ్యాల్లో వెదజల్లితే గాలి పంపే వేడిని కూడా పీల్చుకోవాల్సి వస్తుంది మరి. కొలిస్తే చదరపు మీటరుకు 40 వాట్లు నికరంగా బయటికి పోయాయి.

ఆ పొరలు ఖరీదైన వ్యవహారం. 2021లో పర్‌డ్యూ విశ్వవిద్యాలయం వాళ్లు పెయింటుతోనే 98.1 శాతం సాధించారు. మామూలు తెల్ల రంగులో ఉండే టైటానియం డయాక్సైడ్ అతినీలలోహిత కిరణాలను మింగేస్తుంది. దాని బదులు వాళ్లు బేరియం సల్ఫేట్ వాడారు, పేగుల ఎక్స్‌రేకి ముందు తాగించే ఆ తెల్లటి పదార్థమే. రేణువులు రకరకాల సైజుల్లో ఉండటంతో ఒక్కో సైజు ఒక్కో రంగు కాంతిని చెదరగొడుతుంది.

ఏసీ లోపలి వేడిని వీధిలోకి నెడుతుంది. ఇది భూమి దాటిస్తుంది, నాకు నచ్చింది అదే. అయితే గాలిలో తేమ పెరిగితే లాభం తగ్గుతుంది, పైన దుమ్ము పేరుకుంటే ఎండ జమ పెరుగుతుంది. చలికాలంలోనూ ఇల్లు చల్లబడుతూనే ఉండటం ఇంకో తలనొప్పి. దీనికి అమెరికాలోని బర్క్‌లీ పరిశోధకులు 2021లోనే టంగ్‌స్టన్ కలిపిన వెనేడియం డయాక్సైడ్‌తో ఒక పూత తయారుచేశారు. అది 30 డిగ్రీలు దాటితే 90 శాతం సామర్థ్యంతో వేడిని వెదజల్లుతుంది, 15 కన్నా తగ్గితే 20 శాతానికి పడిపోతుంది. చల్లగా ఉన్నంతసేపూ విద్యుద్బంధకంగా (కరెంటు పారనివ్వకుండా) ఉండి వేడిని అంతగా వెదజల్లని ఆ పదార్థం, వేడెక్కగానే లోహంలా మారి బాగా వెదజల్లుతుంది కాబట్టి, చలికాలంలో ఖర్చు దానంతట అదే కట్టవుతుంది.