పెరట్లో కోళ్లు: రమ్మన్నదీ సర్కారే, పొమ్మన్నదీ సర్కారే

ఇళ్ల మధ్య కోళ్లు పెంచొద్దనేవాళ్లు చెప్పే కారణాలు ఎప్పుడూ ఒకటే: వాసన, ఈగలు, ఎలకలు, తెల్లారకముందే కూత. అవన్నీ నిజమే. తడిసిన రెట్ట తీయకపోతే రెండ్రోజుల్లో ఈగలు ముసురుతాయి, రాత్రి గూట్లో దాణా వదిలేస్తే ఎలకలకి వేరే పిలుపు అక్కర్లేదు. కానీ వందేళ్ల కిందటి కోడీ ఇంతే కదా, మరి చట్టాలు మాత్రం ఇన్నిసార్లు ఎందుకు మారాయి?

మొదటి ప్రపంచ యుద్ధం రోజుల్లో అమెరికా వ్యవసాయ శాఖ ఒక పోస్టరు వేసింది. ఇంట్లో మనిషికి రెండు పెట్టల చొప్పున పెరట్లో పెంచుకోండి, గుడ్లకి లోటుండదు అని. అంటే కోళ్లు పెంచడం అప్పుడు దేశభక్తి! వాసన గురించి ఆ పోస్టరు ఏమీ అనలేదు.

తర్వాత పదేళ్లు తిరక్కుండానే గాలి మారింది. 1926లో ఒహాయోలోని యూక్లిడ్ అనే ఊరి కేసులో అమెరికా సుప్రీంకోర్టు జోనింగ్‌ చట్టాలు, అంటే ఊళ్లో ఏ భాగాన్ని దేనికి వాడాలో చెప్పే రూల్సు, చెల్లుతాయంది. ఆ కేసులో కోళ్ల ఊసే లేదు, గొడవంతా స్థలాన్ని దేనికి వాడాలన్నదాని మీద. కానీ తీర్పులో ఒక పోలిక ఉంది: న్యూసెన్స్ అంటే మంచి వస్తువే తప్పు చోట ఉండటం కావచ్చు, దొడ్లో ఉండాల్సిన పంది ముందుగదిలోకి వచ్చినట్టు. ఈ పోలిక కోడికీ అతికినట్టు సరిపోయింది.

సరిగ్గా ఆ రోజుల్లోనే, 1923లో, డెలావేర్‌లో సెసిల్ స్టీల్ అనే ఆవిడ యాభై కోడిపిల్లలకి ఆర్డరిస్తే పొరపాటున ఐదువందలు వచ్చాయి. వాటిని మాంసానికి పెంచి అమ్మింది, బ్రాయిలర్ వ్యాపారం అలా ఊపందుకుంది. కోళ్లు మెల్లగా షెడ్లలోకి వెళ్లిపోయాయి, గుడ్లు షాపులోకి వచ్చేశాయి, పెరట్లో గూడు ఉందంటే పల్లెటూరి ఇల్లనో లేనివాళ్ల ఇల్లనో అనుకోవడం మొదలైంది. నన్నడిగితే, కొత్త కాలనీల రూల్సులో కోళ్లు వద్దన్న మాట చేరడానికి వాసన ఎంత కారణమో ఈ నామోషీ కూడా అంతే కారణం.

బ్రిటన్‌ది ఇంకో దారి. రెండో యుద్ధంలో రేషన్ గుడ్లు వదులుకున్న ఇంటికి బదులుగా కోళ్ల దాణా ఇచ్చారు. యుద్ధం అయ్యాక కూడా తరిమేయలేదు. 1950 చట్టం, వ్యాపారానికి కాకపోతే పెట్టల్నీ కుందేళ్లనీ ఉంచుకోవచ్చనీ, కౌలు పత్రంలో వద్దని రాసున్నా అది చెల్లదనీ చెప్పింది. అయితే జనానికి ఇబ్బందైతే మాత్రం ఒప్పుకోరు.

అమెరికాలో తలుపులు మళ్లీ తెరుచుకోవడానికి చాలా ఏళ్లు పట్టింది. విస్కాన్సిన్‌లోని మాడిసన్‌లో 2004 దాకా దొంగచాటుగా పెంచుకునేవాళ్లు గట్టిగా అడిగి నాలుగు పెట్టలకి అనుమతి తెచ్చుకున్నారు: పక్కింటికి గూడు ఇరవై అయిదు అడుగుల దూరంలో ఉండాలి, పుంజు ఉండకూడదు, కోయకూడదు. సియాటిల్ మూడు పెట్టల పరిమితిని 2010లో ఎనిమిదికి పెంచింది, అదే చేత్తో పుంజుని మాత్రం నిషేధించింది.

ఈ పుంజు సంగతే అసలు తలనొప్పి. పెట్ట గుడ్డు పెట్టినప్పుడు కాసేపు అరిచి ఊరుకుంటుంది. పుంజుకి తన కూతతోనే తెల్లవారుతుందని నమ్మకం, అదీ చీకట్లోనే. పైగా పిల్లగా ఉన్నప్పుడు పుంజో పెట్టో పోల్చుకోవడం కష్టం, పెట్ట అనుకుని పిల్లలు పేరు కూడా పెట్టేసుకున్న కోడి నాలుగో నెలలో ఒక తెల్లవారుజామున గొంతు సవరించుకుంటుంది, ఇక దాన్నేం చేయాలో ఎవరికీ తెలీదు. ఫ్రాన్స్‌లో మోరిస్ అనే పుంజు మీద పొరుగువాళ్లు ఏకంగా కోర్టుకెళ్లారు. 2019లో మోరిస్సే గెలిచింది. పల్లెటూళ్ల చప్పుళ్లనీ వాసనల్నీ కాపాడే చట్టం కూడా అక్కడ 2021లో వచ్చింది.

జబ్బుల భయం మాత్రం వేరే లెక్క, దీన్ని నేను తేలిగ్గా తీసుకోను. 1997లో హాంకాంగ్‌లో బర్డ్‌ఫ్లూ పద్దెనిమిది మందికి సోకితే ఆరుగురు చనిపోయారు. 2006లో అక్కడ ఇళ్లలో కోళ్లు పెంచడమే నిషేధించారు. బ్రిటన్ అంత దూరం వెళ్లలేదు గానీ, ఒకప్పుడు యాభై పక్షులు దాటితేనే తప్పనిసరైన నమోదు 2024 అక్టోబరు 1 నుంచి ఇంగ్లండ్, వేల్స్‌లలో పెరట్లో ఒక్క పెట్ట ఉన్నా చేయించాల్సిందే.