పేపరు మీద సంచి

కొత్త మిషన్ వచ్చిన మూడో రాత్రి, రెండు గంటలప్పుడు చిన్నాయన ఫోన్ చేసినాడు. "ఏమప్పా, ఇది అరిచేది ఆపదే! పాతది ఎప్పుడైనా ఇట్ల అరిచిందా?" వెనకనుంచి చిన్నమ్మ గొంతు: "పైపు మీద పండుకున్నావేమో చూడు." చూస్తే నిజంగానే పైపు మోచేతి కింద నలిగి ఉంది. సర్దినాక మిషన్ నోరు మూసింది. ఇరవై నిమిషాలకు మళ్ళీ మొదలు. ఈసారి పైపు బాగానే ఉంది.

అనంతపురంలో వాళ్ళది పాతకాలం మిద్దె ఇల్లు. షుగరు వల్ల కిడ్నీలు పోయి, ఆరేళ్ళుగా చిన్నాయన ఇంట్లోనే డయాలసిస్ చేసుకుంటున్నాడు. మొదట చేత్తో సంచులు, తర్వాత రాత్రి మిషన్, ఇప్పుడు ఇంకో కంపెనీ మిషన్. పాతదానికి సామాన్లు దొరకడం లేదన్నారు, అంతే కారణం.

ఈ పద్ధతిలో రక్తాన్ని వడగట్టేది కడుపులోని పొర. పేగుల్ని చుట్టుకొని ఉండే దీన్ని పెరిటోనియం అంటారు. దాని నిండా సన్నని రక్తనాళాలు. బొడ్డు పక్కన పెట్టిన మెత్తటి గొట్టం గుండా రెండు లీటర్ల గ్లూకోజు ద్రవం లోపలికి వదిలితే రక్తంలోని యూరియా, క్రియాటినిన్ లాంటి చెత్త అందులోకి దిగుతుంది. ఒంట్లో నిలిచిపోయిన నీటిని గ్లూకోజు లాక్కుంటుంది. మామిడి ముక్కలకు ఉప్పు పట్టించి మూతపెడితే తెల్లారేసరికి ఊట దిగుతుందే, అదే సంగతి. కొన్ని గంటలయ్యాక ఆ ద్రవాన్ని వంచేసి కొత్తది నింపాలి. మిషన్ చేసేదల్లా చేనికి నీళ్ళు కట్టే మనిషి పని. ఒక మడవ తీస్తుంది, ఒకటి మూస్తుంది, ఎంత పారిందో లెక్క రాసుకుంటుంది.

ఆ పనిని చేత్తోనూ చేసుకోవచ్చు. కడుపులో ఎప్పుడూ ద్రవం ఉంచి రోజుకు కొన్నిసార్లు మార్చుకుంటే చాలన్న ఆలోచన 1976లో అమెరికాలో పోపోవిచ్ అనే ఇంజనీరు, మాంక్రీఫ్ అనే డాక్టరుది. రోజుకు నాలుగు సంచులు, సంచికి అరగంట పైనే. చిన్నాయన రెండేళ్ళు అట్లే లాగినాడు. తర్వాత కాళ్ళు వాయడం మొదలైంది. తప్పు సంచులది కాదు, పొర తీరు అది. కొందరి పొర వడిగా పనిచేస్తుంది. చెత్త తొందరగా బయటికొస్తుంది, కానీ గ్లూకోజు కూడా అంతే తొందరగా రక్తంలోకి ఇంకిపోతుంది. ఊటను లాగే ఉప్పు కరిగిపోయాక ఇంక లాగేదేముంది? ఆరు గంటలు ఉంచితే బయటికొచ్చిన నీళ్ళు మళ్ళీ ఒంట్లోకే పోతాయి.

దీన్ని తేల్చడానికి 1987లో ట్వార్డోవ్‌స్కీ అనే డాక్టరు, ఆయన తోటివాళ్ళు ఒక పరీక్షను ప్రామాణికం చేశారు. నాలుగు గంటలు ద్రవం కడుపులో ఉంచి, అందులోని క్రియాటినిన్‌ను రక్తంలోని క్రియాటినిన్‌తో పోల్చి చూస్తారు. వడి పొర అని తేలినవాళ్ళకు ద్రవాన్ని తక్కువసేపు ఉంచి ఎక్కువసార్లు మార్చాలి. రాత్రి ఎనిమిది తొమ్మిది గంటల్లో నాలుగైదు సార్లు నింపి వంచే మిషన్ వాళ్ళకు సరిపోతుంది. నెమ్మది పొర ఉన్నవాళ్ళకు ద్రవం ఎక్కువసేపు నిలవాలి, ఒట్టి రాత్రి మిషన్‌తో వాళ్ళకు చాలకపోవచ్చు. పక్క వీధిలో ఆయనకు బాగుందని మనమూ అదే మిషన్ అడగడం కళ్ళజోడు అరువు తెచ్చుకున్నట్టే.

మిషన్ లేకుంటే నీళ్ళు లాగడానికి ఇంకో దారి ఉంది, ద్రవంలో చక్కెర, అంటే గ్లూకోజు, పెంచడం. చిన్నాయన ఇంటికొచ్చే పసుపు గుర్తు సంచిలో 1.5 శాతం, ఎర్ర గుర్తు సంచిలో 4.25 శాతం. రెండు లీటర్లకు లెక్కేస్తే 30 గ్రాములు, 85 గ్రాములు. షుగరు మనిషికి రోజూ ఎర్ర సంచులంటే కాఫీలో చక్కెర మానిపించి కడుపులో పోసినట్టుంటుంది.

సరే, అరిచే మిషన్ సంగతి. పాతది ద్రవాన్ని పల్లానికి పారనిచ్చేది. మంచం ఎత్తుగా, వంచే సంచి నేలమీద, అంతే. కొత్తది లాగుతుంది. ప్లాస్టిక్ డబ్బీలోని పలుచని పొరను గాలి ఒత్తిడితో ముందుకూ వెనక్కూ కదిపి తోడుతుంది. ఎంత తోడిందో తెలుసుకోవడానికి ఈ తరహా మిషన్లు వాడే లెక్క 1662 నాటి బాయిల్ సూత్రం. డబ్బీలో గాలి ఎంత మిగిలిందో ఒత్తిడిని బట్టి తేల్చి, తక్కిన జాగా అంతా ద్రవమని లెక్క కడుతుంది. మూడున్నర శతాబ్దాల నాటి సూత్రం చిన్నాయన మంచం పక్కన రాత్రంతా కూచొని కూడికలు చేస్తుందని తెలిసినప్పుడు నాకు భలే సంతోషమేసింది. ఆయనకు అంత సంతోషమేమీ వేయలేదు.

కడుపు ఖాళీ అయ్యేటప్పుడు మొదటి ఏడెనిమిది నిమిషాలు ధార బాగా వస్తుంది, తర్వాత చుక్కచుక్కగా. పల్లానికి పారేటప్పుడు ఆ చుక్కల గురించి ఎవరూ పట్టించుకోరు. పంపు మాత్రం చివరి చుక్క దాకా లాగబోతుంది, గొట్టం కొన పేగులకు అతుక్కుంటుంది, కింద సూదితో పొడిచినట్టుంటుంది, మిషన్ అరుస్తుంది. మరునాడు నర్సమ్మ ఫోన్లో అడిగిన మొదటి ప్రశ్న, "అయ్యా, దొడ్డికి సరిగా అవుతోందా?" చిన్నాయన సిగ్గుపడి ఫోన్ చిన్నమ్మకిచ్చినాడు. మలబద్ధకంతో ఉబ్బిన పేగు గొట్టాన్ని పక్కకు తోస్తుంది, నొక్కుతుంది. అరుపుకు తరచూ కనిపించే కారణాల్లో అదొకటి. దానికి మందు ఇచ్చి, మిషన్‌లో టైడల్ అనే పద్ధతి పెట్టించినారు. ప్రతిసారీ పూర్తిగా వంచకుండా కొంత ద్రవాన్ని కడుపులోనే ఉంచే పద్ధతి. బావి అడుగంటా తోడకుండా రెండు బిందెలు వదిలేసినట్టు.

కంపెనీ మారితే ఇంకో తంటా. గొట్టం చివరన తగిలించే జానెడు పైపు ముక్క మర ఒకరిది ఒకరికి పట్టదు. ఆసుపత్రిలో దాన్ని మార్చేదాకా కొత్త మిషన్ పెట్టెలోనే ఉంది. మెట్ల కింద పేర్చిన పాత సంచుల పెట్టెలు అట్లే మిగిలిపోయాయి.

ఊళ్ళో చుట్టాలడిగేది ఇదొకటి: "ఇంట్లోనే చేసుకునేటప్పుడు రక్తం శుద్ధిచేసే పెద్ద మిషనే పెట్టుకోవచ్చు కదా?" మా దగ్గర దానికి అడ్డొచ్చేది నీళ్ళు. మామూలు రక్త డయాలసిస్‌లో నిమిషానికి అర లీటరు ద్రవం పారుతుంది, నాలుగు గంటలకు 120 లీటర్లు. తాగే నీళ్ళలో లీటరుకు 1.5 మిల్లీగ్రాముల దాకా ఫ్లోరైడు ఒప్పుకుంటారు, డయాలసిస్ నీళ్ళలో 0.2 దాటకూడదు. అనంతపురం జిల్లా బోరు నీళ్ళ సంగతి చెప్పాలా? 1993లో చికాగోలో డయాలసిస్ నీళ్ళను శుద్ధిచేసే ఏర్పాటు విఫలమై ఫ్లోరైడు రక్తంలోకి చేరి ముగ్గురు చనిపోయారు. ఇంట్లో నీళ్ళు శుద్ధిచేసే ఆర్వో పెట్టి, దాన్ని పరీక్షలు చేయించుకుంటూ నడపడం కుదిరేవాళ్ళున్నారు. చిన్నాయన సంచుల్లోది ఫ్యాక్టరీలోనే శుద్ధిచేసి నింపిన ద్రవం. ఆయనకు కొళాయి నీళ్ళు కావాల్సింది చేతులు కడుక్కోవడానికే.

కొత్త మిషన్‌తో నాకు నచ్చనిది ఒకటుంది. వంచిన ద్రవం పైపు గుండా నేరుగా బాత్‌రూములోకి పోతుంది, ఎవరూ చూడరు. ఎంత వచ్చిందో తెర మీద అంకె ఉంటుంది, ఎట్లుందో ఉండదు. కడుపులో పొరకు ఇన్‌ఫెక్షన్ సోకితే తరచూ మొదట తెలిసేది ద్రవం మడ్డిగా మారడంతో. బియ్యం కడిగిన నీళ్ళలా వస్తే ఆ సంచి పట్టుకొని ఆ పూటే ఆసుపత్రికి పోవాలి. చేత్తో మార్చుకునే రోజుల్లో నర్సమ్మ నేర్పిన పరీక్ష సులువైనది: సంచిని పేపరు మీద పరిచి, కింది అక్షరాలు చదవగలిగితే సరే.

పగటిపూట ద్రవం మరీ ఎక్కువసేపు నిలవకుండా డాక్టరు మధ్యాహ్నం ఒక సంచి చేత్తోనే మార్చుకోమన్నాడు. మొన్న నేను పోయినప్పుడు ఆ పనే జరుగుతోంది. చిన్నమ్మ ఫ్యాను కట్టేసి తలుపు మూసింది. చిన్నాయన సంచి బిగించి, తూకం వేసి, జిల్లా పేజీ మీద పరిచినాడు. లేత పసుపు నీళ్ళ కింద వేరుశనగ మార్కెట్ ధరలు. కళ్ళజోడు సర్దుకొని క్వింటాలు ధర గట్టిగా చదివి, "ఈ రేటుకు ఎవరమ్ముతారప్పా" అన్నాడు.